రాయిని పట్టుకుని దాని పుట్టుక తెలుసుకోవడం ఎలా?

మీ ఇంటి గడప దగ్గర నిలబడి కిందికి చూడండి. వికారాబాద్ వైపు పాత ఇల్లయితే కాళ్ళ కింద తాండూరు బండలుంటాయి. కర్నూలు, అనంతపురం వైపు అయితే బేతంచర్ల, తాడిపత్రి నాపబండలు. వంటగట్టు మీద నల్లగా మెరిసే పలక, పెరట్లో ఓ మూల రోలు. భూగర్భశాస్త్రం మొదలుపెట్టడానికి ఇవి చాలు.

కావలసిన సామాను: పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఇనుప మేకు, గాజు ముక్క, నిమ్మకాయ, నోటు పుస్తకం. ఇంటి దగ్గర నిర్మాణం జరుగుతుంటే అడిగి నాలుగు విరిగిన ముక్కలు తెచ్చుకోండి. పరీక్షలన్నీ ఆ ముక్కల మీదే చేయాలి, వేసిన బండల మీద కాదు.

1. విరిగిన ముఖం చూడండి

ఎండకీ వానకీ రాయి పైపొర రంగు మారిపోతుంది. కొత్తగా విరిగిన వైపే అసలు రంగు కనిపిస్తుంది. మీరే పగలగొట్టాల్సి వస్తే కళ్ళకి అద్దాలు తప్పనిసరి, పెచ్చులు సూదుల్లా ఎగురుతాయి. ఇంకో మాట, రంగుని బట్టి పేరు పెట్టేయకండి. తాండూరు బండ నీలంగానూ దొరుకుతుంది, పసుపుగానూ దొరుకుతుంది. రెండూ సున్నపురాయే.

2. గింజలు కనిపిస్తున్నాయా?

ఇక్కడ తొందరపడొద్దు. సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

హైదరాబాద్ గుట్టల గ్రానైట్ ముక్కని ఎండలో అటూ ఇటూ తిప్పండి. గులాబీ రంగు గింజలు ఒక్కో కోణంలో అద్దంలా తళుక్కుమంటాయి. అవి ఫెల్డ్‌స్పార్. వాటి మధ్య బూడిద రంగులో, పగిలిన సీసా ముక్కల్లా ఉన్నది క్వార్ట్జ్, మన పలుగురాయి. చిన్న నల్లటి రేకుల్ని సూది మొనతో కదిపితే పొరలుగా లేస్తాయి, అది నల్ల అభ్రకం. గింజలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, మధ్య ఖాళీ లేకుండా ఉంటాయి.

గింజలు ఇంత పెద్దవి కావాలంటే కరిగిన రాయి చాలా నెమ్మదిగా చల్లారాలి. అంటే అది భూమి లోపల, కిలోమీటర్ల లోతున గట్టిపడింది. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. గోల్కొండ కోట నిలిచిన గుట్ట ఇవాళ పైకి కనిపిస్తోందంటే, దాని మీద ఉన్న కిలోమీటర్ల మందం రాయి అరిగి కొట్టుకుపోయిందన్నమాట. నాకు ఆ గుండ్లని చూసినప్పుడల్లా, ఉన్న రాయి కంటే లేని రాయే ఎక్కువ గుర్తొస్తుంది.

గింజలు కంటికి ఆనకుండా, నల్లగా బరువుగా ఉంటే అది బసాల్ట్ కావచ్చు. పైకి పొంగిన లావా త్వరగా చల్లారిపోతుంది, గింజ పెరగడానికి సమయం ఉండదు. వంటగట్టు మీద వేసే చీమకుర్తి నల్లరాయిని మాత్రం దుకాణంలో గ్రానైట్ అంటారు గానీ, అది గాబ్రో జాతిది. రంగు బసాల్ట్‌ది, గింజలు లోతున చల్లారిన రాయివి. ఈ మూడూ అగ్నిశిలలే.

3. మేకుతో గీయండి

సున్నపురాయి మీద సులువుగా గీత పడుతుంది. పలుగురాయి మీద పడదు, పైగా అదే గాజుని గీస్తుంది. గీశాక వేలితో రుద్ది చూడటం మరవకండి. చెరిగిపోతే అది మేకు వదిలిన ఇనుప చార, రాయి మీద పడ్డ గీత కాదు.

4. నిమ్మరసం వేయండి

గీసినప్పుడు రాలిన పొడి మీద రెండు చుక్కలు పిండి, భూతద్దం పెట్టి చూడండి. సన్నటి బుడగలు లేస్తే సున్నపురాయి లేదా చలువరాయి. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. నేనోసారి పూజగది చలువరాతి మీదే ఈ పరీక్ష చేశాను. ఆమ్లం తిన్న ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది.

నాపబండ కూడా సున్నపురాయే, ఒకప్పటి సముద్రపు అడుగు. పొరమీద పొర పేరుకుంది కాబట్టే అంత చక్కగా పలకలుగా విడుతుంది. ఇవి అవక్షేప శిలలు. కొన్ని బండల మీద ఫెర్న్ ఆకులాంటి నల్లటి ముద్రలుంటాయి. అవి మొక్కలు కావు, పగుళ్ళలోకి దిగిన నీరు వదిలిన మాంగనీసు. ఆ సముద్రం ఎంత పాతదంటే అప్పటికి చేపలూ లేవు, గవ్వలూ లేవు.

5. చారలుంటే

విశాఖ కైలాసగిరి వైపు దొరికే ఎర్రమట్టి రంగు రాయిలో చారలూ, మధ్యలో ఎర్రటి గోమేదకం లాంటి గార్నెట్ గింజలూ కనిపిస్తాయి. అది ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. ఒకప్పటి బురద లోతుకి దిగి, వేడికీ ఒత్తిడికీ కరగకుండానే మారిపోయి ఇలా అయింది. ఇవి రూపాంతర శిలలు.

6. ఆ రాయిని భూమి కథలో పెట్టండి

భూమి మధ్య దాకా 6,371 కిలోమీటర్లు. మనం నిలబడ్డ పైపొర, ఖండాల కింద సుమారు 35 కిలోమీటర్లే. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు వరకు మాంటిల్, ఆ లోపల ఇనుము, నికెల్ నిండిన కేంద్రం. మాంటిల్ అంతా ఉడుకుతున్న లావా అనుకుంటారు చాలామంది. కాదు, అది గట్టి రాయే. కోట్ల ఏళ్ళలో మెల్లగా పారుతుంది, కొన్ని చోట్ల మాత్రమే కొంత కరుగుతుంది.

ఇప్పుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో ఓ బసాల్ట్ ముక్క తీసుకోండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం మన పలక (మన దేశాన్ని మోస్తూ మెల్లగా కదిలే పెద్ద రాతి ముక్క) హిందూ మహాసముద్రంలో, ఇవాళ్టి రీయూనియన్ ద్వీపం కింద ఉన్న వేడి చోటు మీదుగా వెళ్తున్నప్పుడు పొంగిన లావా అది. దక్కన్ పీఠభూమిని కప్పింది అదే. ఆ తర్వాత ఆ పలక ఆసియాని గుద్దుకుని హిమాలయాలని లేపింది. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు కదులుతోంది. మీరూ, మీ చేతిలో ముక్కా దానితో పాటే.

7. రాసి పెట్టుకోండి

ముక్క మీద నంబరు వేసి, పుస్తకంలో ఊరు, తేదీ, గింజ, గీత, నిమ్మరసం ఫలితం రాయండి. ఎక్కడ దొరికిందో తెలియని రాయితో పని సగమే అవుతుంది. భారత భూగర్భ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో మీ ఊరి భూగర్భ పటం చూసి, మీ జవాబుతో పోల్చుకోవచ్చు. తిరుమల శిలాతోరణం లాంటి చోట మాత్రం సుత్తి తీయకండి, ఫొటో చాలు. ఘాట్ రోడ్డులో కిటికీ పక్క సీటు దొరికితే కొండవాలుని గమనించండి: కింద పాత గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న గీతలో కోట్ల ఏళ్ళు కనిపించకుండా పోయాయి, ఆ కాలపు రాయి అక్కడ లేదు.