కారు కిందికి దించాక ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతుంటే

లోయరింగ్ స్ప్రింగులు వేయించిన బెంగళూరు మిత్రుల దగ్గర ఎక్కువగా వినబడే బాధ ఇదే. ముందు టైరు బయటినుంచి చూస్తే కొత్తదే, లోపలి అంచున మాత్రం తీగ తేలి ఉంటుంది. సెలవు దొరికితే అనంతపురమో చిత్తూరో బయల్దేరేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. హైవే వేగంలో టైరు పేలేది అక్కడే.

లోపలి అంచు అరుగుదల

అందరూ క్యాంబర్‌ని, అంటే చక్రం నిలువుగా లోపలికో బయటికో వాలే కోణాన్ని తిడతారు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది టోని, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడాన్ని. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండే) సస్పెన్షన్ ఉన్న కారును 30, 40 మిల్లీమీటర్లు దించితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, నిజమే. కానీ ఒక డిగ్రీ వాలినంత మాత్రాన టైరు అంత త్వరగా పోదు. బాడీతో పాటు స్టీరింగ్ ర్యాక్ కూడా దిగడంతో ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారి, చాలా కార్లలో ముందు చక్రాలు బయటికి తెరుచుకుంటాయి. ఇక టైరు దొర్లుతూనే రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది.

తేడా చేత్తోనే తెలుస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టార్చి వేసి తీగ తేలలేదని చూసుకున్నాక, అరచేత్తో ట్రెడ్‌ను అడ్డంగా నిమరండి. పోయేటప్పుడు నున్నగా, వచ్చేటప్పుడు రంపంలా గీరుకుంటే టో తప్పింది. రెండువైపులా నున్నగానే ఉండి, లోపలికి ఏటవాలుగా అరిగితే క్యాంబర్.

సరిచేయడంలో వరుస ముఖ్యం. కొత్త స్ప్రింగులు కొన్నాళ్లు తిరిగి సర్దుకోవాలి. బండి బరువు చక్రాల మీద ఉండగానే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బాడీకి కలిపే చేయి) రబ్బరు బుష్ బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. తర్వాత గాలి, ఎత్తు చూసి వెనక చక్రాలు కొలవాలి. ముందు చక్రాల క్యాంబర్ సరిచేశాకే టో. క్యాంబర్ కదిపితే టో మారుతుంది కాబట్టి టో ఎప్పుడూ చివరే.

చాలా కార్లలో ముందు క్యాంబర్‌కి కంపెనీ సర్దుబాటే ఉండదు. అలైన్‌మెంట్ షాపువాళ్లు "సార్, ఇది రాదు" అని టో మాత్రం చేసి పంపేది అందుకే. స్ట్రట్ కింద నకుల్‌కి (చక్రాన్ని పట్టి ఉంచే భాగం) రెండు బోల్టులుంటే పైదాని బదులు క్యాంబర్ బోల్టు వేయొచ్చు. అది మీ కారు సైజుదే కావాలి. బెంగళూరు జేసీ రోడ్డు విడిభాగాల షాపుల్లో అడిగేటప్పుడు పాత బోల్టు చేతిలో ఉండాలి.

స్టీరింగ్ వంకర

టో ఒకవైపు టై రాడ్‌తోనే సర్దితే ఇలా అవుతుంది. స్టీరింగ్‌ను నిటారుగా లాక్ చేసి రెండువైపులా సర్దించండి. స్టీరింగ్ ఊడదీసి తిప్పి బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కార్లలో కొన్నిటికి యాంగిల్ సెన్సర్ రీసెట్ కూడా కావాలి.

ఒకవైపుకి లాగడం

ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. లాగే వైపు మారితే తప్పు టైరుది. మారకపోతే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా రెండువైపులా టేపుతో కొలవండి. ఎత్తులు సమంగా ఉన్నాయంటే అలైన్‌మెంట్ షీటులో కుడిఎడమల క్యాంబర్, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) పోల్చండి. అన్నీ పచ్చరంగులో ఉన్నా రెండువైపులకీ తేడా ఎక్కువుంటే బండి లాగుతుంది.

గతుకుల్లో స్టీరింగ్ దానంతటదే కదలడం

టై రాడ్, లోయర్ ఆర్మ్ వేర్వేరు వంపుల్లో కదులుతున్నాయి. ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఇది పోదు. ఎత్తు సర్దే కాయిలోవర్లుంటే 10 మిల్లీమీటర్లు పైకెత్తి, మళ్లీ టో చేయించి చూడండి. మామూలు స్ప్రింగులైతే తక్కువ దించేవి వేయించుకోవడమే మేలు. మన స్పీడ్ బ్రేకర్లకి ఆ ఎత్తు ఎలాగూ కావాలి.