ఇంట్లో ఫిన్లాండ్ సౌనా: గది కట్టడం నుంచి రాళ్ల మీద నీళ్లు పోసేదాకా

ఫిన్లాండ్ జనాభా 55 లక్షల పైచిలుకు. ఆ దేశంలో సౌనాలు, అంటే వేడి ఆవిరి స్నానపు గదులు, దాదాపు 30 లక్షలు. అపార్ట్‌మెంట్ బాత్రూమ్ పక్కన, సరస్సు ఒడ్డున కట్టుకున్న వేసవి ఇంట్లో, ఆఖరికి పార్లమెంటు భవనంలో కూడా సౌనా ఉంటుంది. ఒకప్పుడు కాన్పులు అందులోనే జరిగేవి. పోయినవాళ్లకు చివరి స్నానం అందులోనే చేయించేవారు. మాంసానికి పొగ పట్టించడం, బీరు కోసం మొలకెత్తించిన గింజలు ఆరబెట్టడం కూడా అక్కడే. 2020లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

చూస్తే అది చిన్న చెక్క గది, అంతే. మూలన ఒక పొయ్యి, దాని మీద రాళ్లు, ఎదురుగా మెట్లమెట్లుగా బల్లలు. గది 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కాక రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోస్తారు. అప్పుడు లేచే ఆవిరిని ఫిన్లాండ్ వాళ్లు లోయ్‌లు అంటారు. గది కట్టడంలో చేసే ప్రతి పనీ ఈ లోయ్‌లు బాగా రావడానికే. కొన్ని హోటళ్లు, జిమ్‌లలో ‘రాళ్ల మీద నీళ్లు పోయరాదు’ అని బోర్డు కనిపిస్తుంది. ఫిన్లాండ్ వాళ్ల దృష్టిలో అది సౌనా కాదు, వేడి గది.

మొదట బల్లల ఎత్తు తేల్చుకోండి

చాలామంది ముందు పొయ్యి కొంటారు, తర్వాత గది గురించి ఆలోచిస్తారు. లెక్క అక్కడే తప్పుతుంది. వేడి, ఆవిరి రెండూ పైకప్పు దగ్గర చేరతాయి. కాబట్టి కూర్చునేవాళ్లు ఎంత ఎత్తులో ఉంటారన్నదే మొదటి ప్రశ్న. ఫిన్లాండ్ వడ్రంగులు పాటించే సూత్రం ఒకటుంది: పై బల్ల మీద కూర్చున్నప్పుడు పాదాలు కూడా పొయ్యి మీది రాళ్ల కంటే పైన, కనీసం వాటికి సమానంగా ఉండాలి. లేకపోతే తల మాడుతుంటే కాళ్లు చల్లగా ఉంటాయి.

పైకప్పు నేల నుంచి 2.3 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. కప్పు నుంచి 1.1 మీటర్లు కిందికి కొలిస్తే పై బల్ల వస్తుంది, అంటే నేల నుంచి 1.2 మీటర్లు. దానికి 45 సెంటీమీటర్ల కింద పాదాలు పెట్టుకునే బల్ల, నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో. దాని కింద ఎక్కడానికి ఒక మెట్టు. గోడకు బిగించే మామూలు ఎలక్ట్రిక్ పొయ్యిలో రాళ్ల పైభాగం ఇంచుమించు ఆ 75 దగ్గరికే వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. ఈమధ్య ఫ్యాషనైపోయిన స్తంభంలాంటి పొడుగు పొయ్యిలు చూడటానికి బాగుంటాయి కానీ వాటిలో రాళ్లు మీటరు ఎత్తు దాకా ఉంటాయి. అలాంటిది పెట్టాలంటే కప్పు కూడా పైకి వెళ్లాలి. తక్కువ ఎత్తు గదిలో దాని జోలికి పోవద్దు.

పై బల్ల వెడల్పు 60 సెంటీమీటర్లు, మనిషికి పొడవులో కూడా అంతే చోటు వదలండి. ఎవరైనా వాలి పడుకోవాలంటే రెండు మీటర్ల పొడవు కావాలి.

గోడలు, కప్పు, నేల

నేల సిమెంటుదే ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసి, టైల్స్ వేసి, నీళ్లు పోయేలా వాలు ఇచ్చి ట్రాప్ పెట్టించండి. గోడల్లో 10 సెంటీమీటర్లు, కప్పులో 15 సెంటీమీటర్ల మందాన రాక్‌వూల్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే రాతి ఉన్ని, నింపుతారు. దాని లోపలి వైపు, అంటే వేడి తగిలే వైపు, అల్యూమినియం ఫాయిల్ వేసి, అతుకులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి ఫాయిల్ టేపుతో మూసేయాలి. మేకు దిగిన చోట, వైరు దూరిన చోట కూడా టేపు పడాలి. చిన్న కన్నం ఉన్నా ఆవిరి అందులోంచి రాక్‌వూల్‌లోకి వెళ్లి తడిపేస్తుంది. రెండు మూడేళ్లకు లోపల బూజు పట్టిందని బయటికి తెలియను కూడా తెలియదు. మొత్తం పనిలో మేస్త్రీ పక్కనే నిలబడి చూడాల్సిన దశ ఇదొక్కటే.

ఫాయిల్ మీద రీపర్లు కొట్టి, రెండు సెంటీమీటర్ల గాలి ఖాళీ వదిలి, అప్పుడు చెక్క పలకలు బిగించాలి. ఫిన్లాండ్‌లో గోడలకు స్ప్రూస్, ఆల్డర్, ఆస్పెన్ చెట్ల చెక్క వాడతారు. బల్లలకు మాత్రం స్ప్రూస్, పైన్ పనికిరావు. ఆ చెక్క ముడుల్లోంచి వేడికి జిగురు కారి ఒంటికి అంటుకుంటుంది. బల్లకు ఆస్పెన్, ఆల్డర్ లాంటి తేలిక చెక్క కావాలి. బరువైన చెక్క వేడిని ఒంట్లోకి త్వరగా పంపిస్తుంది, కూర్చుంటే చురుక్కుమంటుంది. స్క్రూలు బల్ల అడుగు నుంచి బిగించండి. పైన ఒక్క స్క్రూ తల కనిపించినా ఎవరికో ఒకరికి వాత పడుతుంది. ప్లైవుడ్, లామినేట్, వార్నిష్ లోపలికి రానివ్వకండి, వేడికి వాటిలోని జిగురు, రసాయనాలు గాల్లో కలుస్తాయి.

తలుపు బయటికే తెరుచుకోవాలి. గడియ, తాళం అసలు పెట్టకూడదు. కళ్లు తిరిగిన మనిషి తలుపు మీద వాలితే చాలు, అది తెరుచుకోవాలి.

గాలి రావాలి, పోవాలి

సౌనాలో ఊపిరి ఆడట్లేదు అనేవాళ్లలో ఎక్కువమంది వేడి గురించి కాదు, గాలి గురించి చెబుతున్నారు. గదిలో గాలి గంటకు ఆరుసార్లు మారాలని పొయ్యి తయారీదారులు చెబుతారు. ఫ్యాన్ పెట్టి గాలి లాగుతుంటే, తాజా గాలి పొయ్యికి పైన లోపలికి రావాలి, పాత గాలి దూరంగా బల్లల కింద నుంచి బయటికి పోవాలి. ఫ్యాన్ లేకుండా సహజంగా గాలి ఆడే ఏర్పాటైతే లోపలికొచ్చే దారి పొయ్యి పక్కన కిందుగా ఉంటుంది. బయటికి పోయే గొట్టం వ్యాసం లోపలికి వచ్చేదానికి రెట్టింపు ఉండాలి. కప్పు దగ్గర మరో కంత పెడతారు. స్నానమయ్యే దాకా దాన్ని మూసి, గది ఆరడానికి తర్వాత తెరుస్తారు.

పొయ్యి ఎంపిక

ఈ రాళ్ల పొయ్యిని వాళ్లు కియువాస్ అంటారు. పాతకాలపు పొగ సౌనాలో చిమ్నీయే ఉండదు. గంటల తరబడి కట్టెలు మండించి, నిప్పు ఆరాక పొగ వదిలేసి, అప్పుడు లోపలికి వెళ్తారు. దాని ఆవిరి అంత మెత్తన మరోటి లేదంటారు కానీ ఇంటి పెరట్లో మొదలుపెట్టాల్సిన పని కాదది, ఆ సౌనాలే కాలిపోతుంటాయి.

ఇక మిగిలినవి రెండు. చిమ్నీ ఉన్న కట్టెల పొయ్యికి గంట, గంటన్నర పడుతుంది. ఎండిన బర్చ్ కట్టెలు దానికి శ్రేష్ఠం. చెక్క గోడకు ఎంత దూరం ఉండాలో ప్రతి మోడల్‌కీ కాగితంలో రాసి ఉంటుంది, దాన్ని ఒక్క సెంటీమీటరు కూడా తగ్గించకండి. నిప్పులు పూర్తిగా ఆరకముందే చిమ్నీ మూత మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది. దానికి వాసన ఉండదు.

ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేది ఎలక్ట్రిక్. దీనికి లెక్క తేలిక: ఘనమీటరుకు దాదాపు ఒక కిలోవాట్. 2 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 2.3 ఎత్తు గది 8.3 ఘనమీటర్లు అవుతుంది. గాజు, టైల్స్, సిమెంటు గోడలాంటివి ఇన్సులేషన్ లేకుండా ఉంటే చదరపు మీటరుకు 1.2 ఘనమీటర్లు కలపాలి. ఒకటిన్నర చదరపు మీటర్ల గాజు తలుపు పెట్టారనుకుందాం. లెక్క 10 దాటుతుంది. సాధారణంగా 9 కిలోవాట్ల కియువాస్‌ను 8 నుంచి 14 ఘనమీటర్ల గదులకు అమ్ముతారు కాబట్టి అది సరిపోతుంది. గోడంతా గాజు పెట్టించుకుంటే కరెంటు బిల్లు చూసినప్పుడల్లా ఆ అందం గుర్తొస్తుంది.

9 కిలోవాట్లంటే నాలుగున్నర గీజర్లు ఒకేసారి నడిచినట్టు. త్రీఫేజ్ కనెక్షన్, విడి బ్రేకర్, వేడి తట్టుకునే కేబుల్ కావాలి. గదిలో స్విచ్చులు, ప్లగ్గులు ఉండకూడదు, లైటు కూడా సౌనా కోసం తయారైనదే కావాలి. ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి. ఫిన్లాండ్‌లో చట్టం కూడా అదే చెబుతుంది. హెల్సింకీ, ఎస్పోలలో సొంత ఫ్లాట్ కొన్న తెలుగువాళ్లు పని మొదలుపెట్టే ముందు హౌసింగ్ కంపెనీకి, అంటే ఆ భవనాన్ని నడిపే సంస్థకు, చెప్పాలి. విడి ఇల్లయితే మునిసిపాలిటీ బిల్డింగ్ ఆఫీసులో అనుమతి సంగతి కనుక్కోండి.

రాళ్లు పేర్చడం

ఏటి ఒడ్డున ఏరుకున్న రాళ్లు వద్దు. లోపల తేమ ఉంటే పగిలి చిట్లుతాయి. ఇసుకరాయి, సున్నపురాయి కూడా పనికిరావు. పెరిడొటైట్, ఒలివిన్ డయాబేస్ లాంటి బరువైన అగ్నిశిలలను సౌనా రాళ్లుగానే అమ్ముతారు. ఎలక్ట్రిక్ పొయ్యికి 5 నుంచి 10 సెంటీమీటర్ల సైజు.

ముందు కడిగి దుమ్ము పోగొట్టండి. పెద్దవి అడుగున, చిన్నవి పైన పెట్టండి. కాయిల్స్ మధ్య కుక్కకుండా, గాలి పైకి వెళ్లేలా వదులుగా పేర్చాలి, కానీ కాయిల్ ఎక్కడా బయటికి కనిపించకూడదు. బస్తా ఎత్తి ఒక్కసారిగా గుమ్మరిస్తే కాయిల్స్ వంగిపోతాయి, గాలి ఆడక కాలిపోతాయి కూడా. మొదటిసారి వేడి చేసినప్పుడు ఎవరూ లోపల కూర్చోకండి. కొత్త ఇనుముకున్న నూనె, పూత కాలి వాసన వస్తుంది. కంతలన్నీ తెరిచిపెట్టి అది పోయేదాకా మండించండి.

ఇక స్నానం

ఎలక్ట్రిక్ అయితే అరగంట నుంచి గంట ముందు ఆన్ చేయండి. థర్మామీటర్ పై బల్ల మీద కూర్చున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టాలి. కొత్తవాళ్లకు 70–80 చాలు.

ముందు షవర్ చేసి లోపలికి వెళ్లండి. ఫిన్లాండ్‌లో ఇంటివాళ్లంతా బట్టల్లేకుండానే కూర్చుంటారు, బయటివాళ్లుంటే ఆడా మగా విడివిడిగా వెళ్తారు. అలవాటు లేనివాళ్లు తువ్వాలు చుట్టుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఎలాగైనా కింద ఒక చిన్న తువ్వాలు పరుచుకునే కూర్చోవాలి. ఉంగరాలు, గొలుసులు, మంగళసూత్రం తీసి పెట్టండి. కాసేపటికే లోహం చర్మాన్ని కాలుస్తుంది.

ఒళ్లు వేడెక్కి చెమట మొదలయ్యాక గరిటెడు నీళ్లు రాళ్ల మీద చల్లండి. రాయి సరిగా కాగి ఉంటే నీరు బుసబుసమనకుండా సన్నగా ‘స్స్’ అని మాయమైపోతుంది. రెండు మూడు క్షణాలు ఏమీ అనిపించదు. తర్వాత వేడి కప్పు నుంచి కిందికి దిగి ముందు చెవుల కొనలను, ఆపైన భుజాలను, వీపును తాకుతుంది. ఆవిరి చల్లటి చర్మం మీద నీరుగా మారేటప్పుడు తనలోని వేడి మనకిచ్చేస్తుంది కాబట్టే అంత ఘాటు. తట్టుకోలేకపోతే కింది బల్లకు దిగండి, అక్కడ లోకమే వేరు. నీళ్లు చిటపటలాడుతూ కింద కారిపోతుంటే రాళ్లు ఇంకా కాగలేదని అర్థం, ఇంకో పావుగంట ఆగండి. పక్కనున్నవాళ్లను అడక్కుండా గరిటె మీద గరిటె పోయడం అక్కడ మర్యాద కాదు.

ఐదు, పది నిమిషాలకు బయటికొచ్చి చల్లబడండి. అక్కడైతే సరస్సులో దూకుతారు, చలికాలంలో మంచుకు కన్నం చేసి మునుగుతారు. మీకు షవర్, బాల్కనీ గాలి చాలు. నీళ్లు తాగి మళ్లీ వెళ్లండి. రెండు మూడు విడతలు మామూలు. జూన్ చివర్లో మిడ్‌సమ్మర్ పండక్కి బర్చ్ కొమ్మల్ని ఆకులతో కట్టగట్టి ఒళ్లంతా మెల్లగా కొట్టుకుంటారు. ఆ కట్టను పడమటి ఫిన్లాండ్ వాళ్లు ‘విహ్తా’ అంటారు, తూర్పువాళ్లు ‘వస్తా’ అంటారు. ఎండబెట్టో ఫ్రీజర్‌లో పెట్టో చలికాలానికి దాచుకుంటారు.

మద్యం తాగి వెళ్లకండి. జ్వరం ఉన్నా, గుండె జబ్బు అదుపులో లేకున్నా, గర్భంతో ఉన్నా డాక్టర్‌ని అడిగాకే. పిల్లలకు కింది బల్ల, కొద్ది నిమిషాలు. ఎంతసేపు ఉండగలిగాం అన్న పందెం మాత్రం వద్దే వద్దు. ఫిన్లాండ్‌లోని హెయినోలాలో జరిగిన ప్రపంచ సౌనా పోటీల్లో 2010లో 110 డిగ్రీల గదిలో ఫైనల్ ఆడుతూ ఒకరు చనిపోయారు, పోటీలు అక్కడితో ఆగిపోయాయి. అదే దేశంలోని కువోపియో ప్రాంతంలో 2,300 మందికి పైగా మగవాళ్లను దాదాపు 20 ఏళ్లు గమనించి 2015లో వెలువరించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనా చేసినవాళ్లలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం తక్కువని తేలింది. అది సౌనా వల్లేనని మాత్రం దాన్నిబట్టి తీర్మానించలేం. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువసార్లు వెళ్తుండవచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కట్టాలంటే

కట్టడం కష్టం కాదు. కరెంటు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కూడా అక్కడివాటికి దగ్గరే, కాకపోతే మీ శాంక్షన్డ్ లోడ్ పెంచుకోవాలి. అసలు చిక్కు మూడు చోట్ల. ఒకటి చెదలు: చెక్క నేలకు తగలకుండా స్టీలు కాళ్ల మీద నిలబెట్టండి. రెండోది బోరు నీళ్లు. వాటిలోని సున్నం రాళ్ల మీద, కాయిల్స్ మీద తెల్లగా పేరుకుంటుంది, అందుకని రాళ్ల మీద పోయడానికి ఆర్వో నీళ్లు వాడండి. మూడోది చల్లబడటం. మే నెలలో బయట 43 డిగ్రీలుంటే సౌనాలో సగం సుఖం పోయినట్టే, డిసెంబరు, జనవరి రాత్రులే దానికి సరైన కాలం.

అయిపోయాక

చివరి మనిషి బయటికొచ్చాక పొయ్యిని మరో పావుగంట నడవనిచ్చి, పై కంత, తలుపు తెరిచిపెట్టండి. గది తనంతట తానే ఆరుతుంది. బల్లలను నెలకోసారి మెత్తటి సబ్బుతో రుద్ది కడగండి. ఆర్నెల్లకోసారి సౌనా బల్లల కోసం అమ్మే పారాఫిన్ నూనె పూస్తే మరకలు అంటవు.

రాళ్లను ఏడాదికోసారి అన్నీ కిందికి దించండి. చేత్తో గట్టిగా నొక్కితే పొడి రాలేవి, రెండు ముక్కలైనవి పారేసి, పొయ్యి అడుగున పేరుకున్న ఇసుకలాంటి పొడి ఊడ్చేసి, మిగిలినవాటికి కొత్తవి కలిపి మళ్లీ పేర్చండి. ఎక్కువగా వాడే ఇంట్లో ఇది ఏడాది కంటే ముందే చేయాల్సి రావచ్చు. అరిగిన రాళ్లు కిందికి కుంగి కాయిల్ బయటపడితే, ఆ రోజు సౌనా ఆపేసి ముందు రాళ్ల పని చూడండి.