కుడి చేతి గిటార్‌ని తిప్పి వాయించాలంటే: ఎడమ చేతి వాటం వాళ్ల కోసం

సికింద్రాబాద్ షాపుల్లో లెఫ్ట్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ అడిగి చూడండి, చాలాచోట్ల "ఆర్డర్ పెట్టాలి సార్" అనే అంటారు. సరే, కుడి చేతిదే కొని తిప్పి పట్టుకుందాం. కానీ డబ్బు కట్టకముందే ఒకటి తేల్చుకోండి, తీగలు మారుస్తారా, ఉన్న వరుసలోనే వాయిస్తారా?

రాక్ గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ స్ట్రాటోకాస్టర్‌ని (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్, పొట్టిగా స్ట్రాట్) తిప్పి, లావు తీగ మళ్లీ పైకి వచ్చేలా తీగలు మార్చుకున్నాడు. గిటారిస్టులు ఆల్బర్ట్ కింగ్, డిక్ డేల్ మార్చలేదు, వాళ్లకి సన్న తీగే పైన.

కొత్తగా నేర్చుకునేవాళ్లయితే మార్చుకోవడమే మేలని నా అభిప్రాయం. ఎదురుగా కూర్చున్న మాస్టారి చేతులు అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి, అలాగే దింపేయొచ్చు. అయితే అసలు పనంతా నట్ (మెడ పై చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గరే ఉంది: 10-46 అనే తీగల సెట్‌లో సన్న తీగ 0.010 అంగుళం, లావుది 0.046, కాబట్టి లావుది సన్న గాడిలో కూర్చోదు, సన్నది వెడల్పు గాడిలో అటూ ఇటూ జారుతూ గరగరమంటుంది. రిపేర్ చేసేవాళ్లతో లెఫ్టీ నట్ వేయించండి, ఆకురాయితో ఇంట్లో ప్రయోగాలొద్దు. తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా స్వరాలు శ్రుతిలో పలికేలా చూడటం. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా తాకి మీటిన స్వరం), నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి, నొక్కినది షార్ప్‌గా (శ్రుతి ఎక్కువగా) ఉంటే సాడిల్‌ని, అంటే బాడీ మీది బ్రిడ్జ్‌లో ఒక్కో తీగ ఆనే ముక్కని, మెడ నుంచి వెనక్కి జరపాలి, ఫ్లాట్‌గా (తక్కువగా) ఉంటే ముందుకి.

అందుకే స్ట్రాట్ లాంటిదే కొనండి. ఆరు సాడిల్స్ విడివిడిగా బాగా జరుగుతాయి, మెడ దగ్గర బాడీకి రెండు వైపులా కోత ఉంటుంది కాబట్టి బాడీ వైపున్న పై ఫ్రెట్లూ అందుతాయి. లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ మోడల్) ఆకారం వద్దు, దాని ఒక్క కోతా తిప్పితే పైకి పోతుంది, బ్రిడ్జ్ కూడా ఏటవాలుగా ఉంటుంది. స్ట్రాప్ తగిలించే బటన్‌ని బాడీ రెండో కొమ్ముకి మార్చాలి. వాల్యూమ్ నాబ్, ట్రెమొలో పుల్ల (స్వరాన్ని ఊపే కడ్డీ) పైకొచ్చి మోచేతికి తగులుతుంటాయి, పుల్ల తీసేస్తే గొడవే లేదు. కేబుల్ గుచ్చే జాక్ కూడా పైకే వస్తుంది కాబట్టి కేబుల్‌ని స్ట్రాప్ వెనక నుంచి తిప్పి పెట్టండి, లేకపోతే నలుగురితో కలిసి వాయించే జామ్‌లో ఎవరో ఒకరు లాగేస్తారు.

తీగలు మార్చని దారిలో ఈ ఖర్చు చాలావరకు ఉండదు, ఫ్రెండ్ గిటారైనా అప్పటికప్పుడు అందుకోవచ్చు. కాకపోతే పుస్తకంలోని కార్డ్ బొమ్మలన్నీ తలకిందులు, కిందికి స్ట్రమ్ చేస్తే ముందు సన్న తీగలే మోగుతాయి. బెండ్స్ (నొక్కిన తీగని పక్కకి జరిపి స్వరం పెంచడం) మాత్రం భలే వస్తాయి, ఎందుకంటే సన్న తీగని పైకి తోయకుండా కిందికి లాగుతాం, వేళ్లకి పట్టు ఎక్కువ.