వరుసలో విలువను నంబరుతో కాదు, పేరుతో తీసుకోండి

పైథాన్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చి స్క్రీన్ మీద చూపిస్తున్నారా? కనెక్షన్ తెరవగానే, కర్సర్ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని, అంటే క్వెరీని, నడిపేది) తీసుకోకముందే, ఆ కనెక్షన్ రో ఫ్యాక్టరీకి (వరుస ఏ రూపంలో రావాలో చెప్పే సెట్టింగ్, row_factory) ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్‌లోని రో క్లాస్‌ని ఇచ్చేయండి. ఒక్క లైనే.

మామూలుగా ప్రతి వరుసా పేర్లు లేని విలువల జాబితాగా, అంటే ట్యూపుల్‌గా వస్తుంది. ఫోన్ నంబరు కావాలంటే రో[2] అని లెక్కపెట్టుకోవాలి. తర్వాతెప్పుడో క్వెరీ మధ్యలో ఇంకో కాలమ్ చేర్చారనుకోండి, ఎర్రర్ ఏమీ రాదు, ఫోన్ ఉండాల్సిన చోట ఊరి పేరు వచ్చి కూర్చుంటుంది. అసలు ప్రమాదం ఇదే. రో క్లాస్ పెట్టాక రో["ఫోన్"] అని కాలమ్ పేరుతోనే అడగొచ్చు. పాత కోడ్‌లోని నంబర్లూ పనిచేస్తాయి కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

తెలుగు పేర్లు చూపించేవాళ్లకి ఇంకో మాట. టెర్మినల్‌లో కాలమ్‌లు సమంగా రావాలని పేరుకి 20 వెడల్పు ఇస్తాం కదా, అయినా గీత తప్పుతుంది. ఎందుకంటే మనకి ఒక్క అక్షరంగా కనిపించే "శ్రీ"ని పైథాన్ 4గా లెక్కిస్తుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పేరు కాలమ్‌ని వరుస చివర్లో ప్రింట్ చేయండి. దాని తర్వాత ఇంకేమీ ఉండదు కాబట్టి మిగతావి చెదరవు.