మీ సీసాలో ఉన్నది బయోడీజిలేనా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో వాడేసిన నూనెకు కొదవ లేదు. సందు చివర మిర్చి బజ్జీ బండి మొదలు పెద్ద స్వీట్ హౌస్‌ల కడాయిల దాకా రోజూ మిగులుతూనే ఉంటుంది. పదేపదే కాగిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదన్న నిబంధనను ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో అమల్లోకి తెచ్చింది. అలాంటి నూనెను బయోడీజిల్ తయారీకి మళ్లించే 'రూకో' కార్యక్రమం కూడా ఆ ఏడాదే మొదలైంది. కాలేజీ ప్రాజెక్టు కోసమో, పొలంలో పాత ఇంజన్‌కు పనికొస్తుందనో ఆ నూనెలో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి ఇంట్లోనే చేసి చూసేవాళ్లూ ఉన్నారు.

చేశాక సీసాలో బంగారు రంగు ద్రవం తేలుతుంది. అది బయోడీజిలేనా, లేక పల్చబడిన వంటనూనేనా?

"వత్తి పెట్టి వెలిగించా, మండింది" అంటారు కొందరు. నువ్వుల నూనె దీపమూ మండుతుంది. "ఇంజన్‌లో పోస్తే నడిచింది" అన్నది కూడా సాక్ష్యం కాదు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. పచ్చినూనెతో ఇంజన్ నడుస్తుంది, కాకపోతే కొన్నాళ్లకు ఇంజెక్టర్లకు మసి గట్టిపడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. బిల్లు అప్పుడొస్తుంది.

అసలు జరగాల్సిందేమిటంటే, నూనె అణువులో ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. మిథనాల్ ఆ మూడింటినీ విడదీసి తనతో కలుపుకోవాలి. మూడూ విడిపోతే బయోడీజిల్. ఒకటో రెండో మిగిలిపోతే సగం ఉడికిన సరుకు. ఈ తేడా కంటికి కనపడదు కాబట్టే పరీక్షలు. అయితే ఏ ఒక్క పరీక్షా అన్ని లోపాలనూ పట్టుకోలేదు. అందుకే వరుసగా చేయాలి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మందుల షాపులో దొరికే సూది లేని 5 మి.లీ. సిరంజి, 100 మి.లీ. కొలజాడీ, మూత గట్టిగా పట్టే రెండు గాజు సీసాలు, థర్మామీటర్, 0.1 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, కొత్తగా సీలు తీసిన మిథనాల్. పాత సీసాలోని మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. దానితో చేస్తే మంచి బయోడీజిల్ కూడా తప్పినట్టు కనిపిస్తుంది.

మిథనాల్‌తో ఆటలొద్దు. కొద్దిగా కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. పగటి వెలుగులో దాని మంట దాదాపు కనిపించదు. వంటింట్లో వద్దు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోట, పొయ్యికీ సిగరెట్‌కూ దూరంగా చేయండి. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.

1. అడుగున ఏముందో చూడండి

రాత్రంతా కదపకుండా ఉంచితే ముదురు గోధుమ రంగు గ్లిజరిన్ అడుగుకు దిగి, పైన తేటగా మరో పొర నిలవాలి. అడుగున ఏమీ లేకపోతే చర్య జరగనట్టే, మిగతా పరీక్షలు దండగ. అలాగని గ్లిజరిన్ దిగిందని సంబరపడకండి. చర్య మొదలైందని మాత్రమే దానర్థం, పూర్తయిందని కాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ పై పొర గురించి.

2. తూకం వేయండి

కొలజాడీని కాటా మీద పెట్టి సున్నా చేసి, సరిగ్గా 100 మి.లీ. పోయండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం బయోడీజిల్ సాంద్రత 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు 860 నుంచి 900 గ్రాములు. మన గదుల్లో 30 డిగ్రీలు మామూలే కాబట్టి 100 మి.లీ.కి ఒక గ్రాము తగ్గించి చూసుకోండి. పామాయిల్‌తో చేసినదైతే 86 నుంచి 88 గ్రాముల మధ్య తూగాలి. మార్పు చెందని పామాయిలైతే 90 దాటుతుంది.

ఇది ముతక పరీక్ష. ఐదో వంతు నూనె మిగిలిపోయినా తూకంలో ఒక గ్రాము తేడా కూడా రాదు. పైగా మోసం చేయాలనుకుంటే సులువు: వంటనూనెలో తగినంత కిరోసిన్ కలిపితే తూకం 86 దగ్గరికి వచ్చేస్తుంది, చూడ్డానికీ పల్చగానే ఉంటుంది. ఎవరో క్యానులో పట్టుకొచ్చి "ఇది బయోడీజిల్" అంటే తూకం చూసి నమ్మేయకండి.

3. మిథనాల్‌లో కలపండి: 3/27 పరీక్ష

ఒక్కటే పరీక్ష చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. బయోడీజిల్ మిథనాల్‌లో పూర్తిగా కరుగుతుంది. మామూలు వంటనూనె దాదాపు కరగదు, కిరోసిన్, డీజిల్ కూడా సరిగా కలవవు.

శుభ్రంగా ఆరిన గాజు సీసాలో 27 మి.లీ. మిథనాల్ పోయండి. సిరంజితో 3 మి.లీ. పై పొర ద్రవం తీసి అందులో వదలండి. మూత బిగించి గట్టిగా ఊపి, అరగంట కదపకుండా ఉంచండి. తర్వాత సీసాను కాస్త వంచి, వెలుతురుకు అడ్డుపెట్టి అడుగు అంచు చూడండి. ద్రవమంతా తేటగా, ఒకే రంగులో ఉంటే పాసైనట్టే. అంచున పసుపు రంగు బొట్టు చేరి, సీసా వంచినప్పుడల్లా మెల్లగా జారుతుంటే అది మారని నూనె. బొట్టు 0.3 మి.లీ. ఉందంటే కనీసం పదో వంతు నూనె అలాగే మిగిలిందని లెక్క.

ఇక్కడే మన ఊరి ఎండ దెబ్బకొడుతుంది. ఈ పరీక్షను 20 నుంచి 22 డిగ్రీల దగ్గర చేయాలి. మే నెలలో 38 డిగ్రీల గదిలో చేస్తే, వేడికి మిగిలిన నూనె కూడా కొంత కరిగిపోయి, తప్పాల్సింది పాసైపోతుంది. ఐసుముక్కలు వేసిన నీళ్ల టబ్బులో మిథనాల్ సీసా, బయోడీజిల్ సీసా రెండూ కాసేపు ఉంచి, థర్మామీటర్ చూశాకే కలపండి. జనవరి తెల్లవారుజామున కథ తిరగబడుతుంది. పామాయిల్ బయోడీజిల్ 15 డిగ్రీల ప్రాంతంలో తనంతట తనే మసకబారుతుంది. ఆ మసక చూసి ఫెయిలనుకోవద్దు, గోరువెచ్చని నీళ్లలో పెట్టి 20కి తెచ్చి మళ్లీ చూడండి.

ఇంకో మినహాయింపు తెలంగాణ వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి: ఆముదం. మిగతా నూనెల్లా కాకుండా ఆముదం ఆల్కహాల్‌లో కరుగుతుంది. పచ్చి ఆముదాన్నే పోసినా ఈ పరీక్షలో తేటగా నిలబడుతుంది. దాన్ని పట్టేది ఇందాకటి తూకమే. ఆముదం 100 మి.లీ. 95 గ్రాముల దాకా తూగుతుంది. కిరోసిన్ కలిపిన నూనె తూకాన్ని తప్పించుకుంటుంది, మిథనాల్‌కు దొరుకుతుంది. ఆముదం మిథనాల్‌ను తప్పించుకుంటుంది, తూకానికి దొరుకుతుంది. రెండూ చేయమనేది అందుకే.

4. నీళ్లతో ఊపండి

విరిగిపోయి సగంలో ఆగిన అణువులు, అంటే మోనో, డై గ్లిజరైడ్లు, మిథనాల్‌లో కరిగిపోతాయి కనుక 3/27 వాటిని పట్టదు. వాటికి నీళ్లే మందు. గ్లిజరిన్ తీసేసిన బయోడీజిల్ 50 మి.లీ., అంతే నీళ్లు సీసాలో పోసి పది సెకన్లు గట్టిగా ఊపండి. మంచి సరుకైతే అరగంట లోపే పైన నూనె పొర, కింద నీళ్లు విడిపోతాయి, మధ్యలో గీత సన్నగా ఉంటుంది. మజ్జిగలా తెల్లబడి విడిపోకపోతే కాస్టిక్ సోడా నూనెతో కలిసి చేసిన సబ్బు ఎక్కువైనా ఉండాలి, చర్య సగంలోనైనా ఆగి ఉండాలి. సబ్బయితే నీళ్లు మార్చి మార్చి కడిగితే తగ్గుతుంది, రెండోదైతే తగ్గదు.

బోరు నీళ్లతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కట్టి, లేని లోపం చూపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

5. తేమ

కడిగి ఆరబెట్టిన సరుకును గాజు గ్లాసులో పోసి వెనక పేపరు పెట్టండి. అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే పెద్దగా నీరు లేనట్టే. చలికాలపు మసకా, నీటి మసకా అన్న అనుమానం వస్తే కొద్దిగా వెచ్చబెట్టండి. చలి మసక వెంటనే పోతుంది.

ల్యాబ్ ఎప్పుడు?

సొంత ప్రయోగానికి ఇవి చాలు. వేరేవాళ్ల వాహనంలో పోయాలన్నా, అమ్మాలన్నా చాలవు. ప్రమాణం ప్రకారం ఎస్టర్, అంటే మిథనాల్‌తో కలిసిన కొవ్వు ఆమ్లాలు, 96.5 శాతానికి తగ్గకూడదు, మొత్తం గ్లిజరిన్ 0.25 శాతం దాటకూడదు. ఆ అంకెలు గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రమే చెప్పగలదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ఇంధన ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఐఎస్ 15607లో ఏ ఏ పరీక్షలు చేస్తారో అడిగాకే శాంపిల్ తీసుకెళ్లండి.

ఫెయిలైతే

పారబోయక్కర్లేదు. అడుగు గ్లిజరిన్ అంతా తీసేసి, కడిగి ఉంటే నీరు పూర్తిగా ఆరబెట్టి, మొదటిసారి వాడినదానికన్నా తక్కువ మిథనాల్, కాస్టిక్ సోడాతో మళ్లీ చర్య జరపండి. రెండోసారి గ్లిజరిన్ దిగితే మొదటిసారి పూర్తికాలేదన్నమాట. మరుసటి రోజు మళ్లీ 3/27 చేయండి. ఆ పరీక్షలో మిగిలిన మిథనాల్‌ను సింకులో పోయకండి, మూత పెట్టి దాచి తర్వాతి బ్యాచ్‌లో వాడేయండి.