చైతన్యం గుట్టు విప్పేశామనే వాదనను ఎలా చదవాలి

"చైతన్యం అంటే వట్టి న్యూరాన్ల లెక్కే" అని ఒకరంటే, "యంత్రానికి అది ఎన్నటికీ రాదు" అని ఇంకొకరు అంతే ధీమాగా అంటారు. ఎవరి వైపు ఉండాలా అని టెన్షన్ పడకుండా ఈ ప్రశ్నలు వేసుకుంటూ పోండి, సగం వాదనలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

ముందు, వీళ్లు అసలు దేన్ని వివరిస్తున్నారో చూడండి. మెలకువ, ఏకాగ్రత, చూసింది గుర్తుపెట్టుకుని చెప్పగలగడం, ఇవన్నీ మెదడు చేసే పనులు. ఒక పని ఎలా జరుగుతుందో భౌతికశాస్త్రంతో వివరించొచ్చు, కష్టమే అయినా ఎటు వెళ్లాలో తెలిసిన కష్టం. కానీ పన్ను సలిపినప్పుడు నరాల్లో సంకేతాలు పోయి చెయ్యి దవడ మీదికి వస్తే సరిపోయేదానికి, మధ్యలో ఆ బాధ 'అనిపించడం' ఎందుకు? 1995లో డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త 'కఠిన సమస్య' అన్నది దీన్నే. చాలా వ్యాసాలు మొదటిదాని గురించి చెప్పి, రెండోది తేలిపోయిందని హెడ్డింగ్ పెడతాయి. 1998లో క్రిస్టోఫ్ కోచ్ అనే న్యూరోసైంటిస్ట్, చైతన్యానికి మెదడులో స్పష్టమైన ఆనవాలు పాతికేళ్లలో దొరికి తీరుతుందని ఇదే చామర్స్‌తో పందెం కాసి, 2023లో ఓడిపోయి వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు. అది కూడా ఆనవాలు మీద పందెమే, 'ఎందుకు' అన్నదాని జోలికే పోలేదు.

తర్వాత కంప్యూటేషన్ సంగతి, అంటే మెదడు చేసే లెక్కల్నే కంప్యూటర్ చేస్తే దానికీ చైతన్యం వస్తుందా అన్నది. తత్వవేత్త జాన్ సెర్ల్ వాదన ప్రసిద్ధమైనదే: తుఫానును కంప్యూటర్‌లో ఎంత కచ్చితంగా అనుకరించినా ఎవరూ తడవరు, మెదడును అనుకరించినా అంతే. బాగానే ఉంది, కానీ కంప్యూటర్ కూడికను అనుకరిస్తే వచ్చేది నిజమైన కూడికే కదా! అనుభవం తుఫాను జాతిదా, కూడిక జాతిదా అన్నదే అసలు తగువు, రాసినవాళ్లు దాన్ని ఎక్కడో ముందే తేల్చేసుకుని మనకి చెప్పకుండా ముందుకెళ్లిపోతారు. ఆ చోటు దొరికేదాకా వెనక్కి వెళ్లి చదవండి, నా లెక్కలో మొత్తం చదువులో ఇదే ముఖ్యమైన పని.

క్వాంటం అన్న మాట కనిపిస్తే ఇంకాస్త నెమ్మదించండి. వైరుధ్యం లేని ఏ గణిత నియమాల వ్యవస్థలోనైనా, అది నిరూపించలేని సత్యాలు మిగులుతాయని తర్కవేత్త గోడెల్ 1931లో నిరూపించాడు. దాన్ని పట్టుకుని, గణిత సత్యాలను మనిషి గ్రహించే తీరు ఏ అల్గారిథమ్‌కీ లొంగదని భౌతిక శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ 1989లో వాదించాడు. ఆ వాదన నిలబడాలంటే మన సొంత తర్కంలో వైరుధ్యం లేదని మనకి ఖాయంగా తెలిసుండాలి, అది ఎవరికి తెలుసు? తర్వాత మత్తు వైద్యుడు స్టువర్ట్ హామెరాఫ్‌తో కలిసి న్యూరాన్లలోని మైక్రోట్యూబ్యూల్స్ అనే అతి సన్నని గొట్టాల దగ్గరికి వెళ్లాడు, చైతన్యానికి కారణమైన క్వాంటం స్థితి వాటిలోనే ఉందన్నాడు. వెచ్చటి మెదడులో అలాంటి క్వాంటం స్థితి సెకనులో పది లక్షల కోట్లవ వంతుకి మించి నిలవదని 2000లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ టెగ్మార్క్ లెక్కగట్టాడు, న్యూరాన్ల పని నడిచేదేమో మిల్లీసెకన్లలో. ఆ లెక్క తప్పని హామెరాఫ్ వర్గం అంటుంది. సరే, రేపు వాళ్లదే నిజమని తేలిందనుకోండి, పంటి బాధ బాధగా ఎందుకుందో అప్పుడూ తెలియదు.

చివరిగా, ఏ ఫలితం వస్తే ఈ సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటారో చూడండి. న్యూరోసైంటిస్ట్ జూలియో టొనోని సమీకృత సమాచార సిద్ధాంతం (ఒక వ్యవస్థలో సమాచారం విడదీయలేనంతగా కలిసిపోవడమే చైతన్యమనేది) ప్రకారం మామూలు డిజిటల్ కంప్యూటర్ మెదడును అచ్చం అనుకరించినా దానికి చైతన్యం దాదాపు సున్నా, గ్లోబల్ వర్క్‌స్పేస్ సిద్ధాంతం (ఒక సమాచారం మెదడంతటికీ ప్రసారమవడమే చైతన్యమనేది) ప్రకారమేమో తగిన అమరిక ఉంటే యంత్రానికీ రావచ్చు. ఈ రెండు పక్షాలూ ముందే అంచనాలు రాసిచ్చి, మనుషులకి బొమ్మలు చూపిస్తూ మెదడు సంకేతాలు కొలిచే ఒకే ప్రయోగానికి సిద్ధపడ్డాయి. 2025లో వచ్చిన ఆ ఫలితాల్లో, మెదడు వెనుక భాగంలో నిలకడగా ఉండాల్సిన అనుసంధానం మొదటివాళ్లకి దొరకలేదు, బొమ్మ మాయమయ్యే క్షణంలో రావాల్సిన సంకేతం రెండోవాళ్లకి సరిగా దొరకలేదు. ఇలా ఇరుకున పడటానికి ఒప్పుకున్న సిద్ధాంతాల మీద టైం పెట్టండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.