బొమ్మరిల్లు అతికించకముందే రంగేసేయండి

మా గుంట వాళ్లమ్మమ్మ ఊర్లో ఉన్నట్టు చుట్టిల్లే కావాలంది గానీ ప్లైవుడ్ గుండ్రంగా వంగితేనా, చివరికి పెంకుటిల్లుకి ఒప్పించాం. చెక్క బొమ్మరిల్లు చేసేవాళ్లకి ఒకటే మాట, ముక్కలు కోయగానే ఫెవికాల్ పట్టేయకండి. ముందు మాస్కింగ్ టేపుతో ఇల్లంతా నిలబెట్టి సందులు చూసుకుని, వెనకాల పెన్సిల్‌తో నంబర్లేసి విప్పేసి, గోడలకి లోపలివైపు రంగేసి ఆరాక అప్పుడు అతికించండి. నేను తొందరపడి అతికించేశాక వంటగది మూలకి నా చెయ్యే పట్టలేదు, టూత్‌బ్రష్ పుల్లకి కట్టి పూశాను. అతుకు పడే అంచులకి మాత్రం రంగు తగలనివ్వకండి, జిగురు సరిగా పట్టదు. కొలతంటారా, అడుగుకి అంగుళం, 10 అడుగుల గది 10 అంగుళాలే.